అంతా కృపే అయితే మమ్మల్ని తిట్టడం ఎందుకు? పెలాజియస్, అగస్టీన్ గొడవ అసలు కథ తెలిసినవాళ్లు చెప్పండి

తెనాలి_కుర్రాడు
మా యూత్ రిట్రీట్‌కి వచ్చిన ప్రసంగీకులు పొద్దున సెషన్‌లో "మీ రక్షణలో మీ వంతు రవ్వంత కూడా లేదు, మొదట్నుంచి చివరిదాకా అంతా దేవుని కృపే" అన్నారు. బాగుంది. భోజనాలయ్యాక అదే మనిషి అదే మైకు పట్టుకుని "ఇంకా ఫోన్లకి బానిసలుగానే ఉన్నారు, ఇంకా ఇంట్లో అబద్ధాలే ఆడుతున్నారు, మారాలని మీకే లేదు" అంటూ గంటసేపు వాయించారు. నేను లేచి అడిగాను, మారే మనసు కూడా ఆయనే ఇవ్వాలన్నారు కదా, ఇవ్వకపోతే తప్పు నాదెలా అవుతుంది అని. జవాబు రాలేదు. "నీలో పెలాజియస్ ఆత్మ ఉంది" అన్నారు. హాలంతా నవ్వింది.

ఆ పేరు వెతికితే ఎక్కడ చూసినా "కృప అక్కర్లేదన్న దుర్బోధకుడు" అనే ఒక్క ముక్కే కనిపిస్తోంది. నిజంగా అంతేనా? నేనడిగింది అంత తప్పుడు ప్రశ్నా?

మూడో_బెంచీ
మధ్యాహ్నం ఏం పెట్టారో ముందు చెప్పు తమ్ముడూ. బిర్యానీ చాలకపోతే ఎవరికైనా కోపం వస్తుంది.

డల్లాస్_డేవిడ్
రోమీయులకు రాసిన పత్రిక 9వ అధ్యాయం తెరువు తమ్ముడూ. సరిగ్గా నీ ప్రశ్నే అక్కడుంది. కుండ కుమ్మరిని నిలదీయలేదు అన్నదే పౌలు జవాబు. ఇక పెలాజియస్ అంటావా, మనిషి తలుచుకుంటే పాపం లేకుండా బతకగలడన్నాడు. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ సభ ఖండించింది, 431లో ఎఫెసు సభ కూడా ఆ బోధను తోసేసింది. క్లోజ్ అయిపోయిన కేసు అది.

పాతపుస్తకాలు
తమ్ముడూ, నీ ప్రశ్నని దాదాపు 1600 ఏళ్ల కిందట కొందరు సన్యాసులు అడిగారు. వాళ్లెవరూ పెలాజియస్ మనుషులు కారు.

ఇప్పటి ట్యునీషియాలో సూస్ అనే రేవు పట్టణం ఉంది. అప్పట్లో దాని పేరు హద్రుమేటం. అక్కడి మఠం నుంచి ఫ్లోరస్ అనే సన్యాసి ప్రయాణం మీద ఉజాలిస్ అనే ఊరెళ్లాడు. అక్కడ, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణ బిషప్ అగస్టీన్ ఎప్పుడో రోమ్‌లోని సిక్స్‌టస్ అనే పాదిరికి రాసిన ఉత్తరం కంటపడితే నకలు తీసుకున్నాడు. తోటి సన్యాసి దాన్ని మఠానికి పట్టుకొచ్చాడు. చదివిన రోజు నుంచి మఠంలో కొట్లాట. మంచి పని చేయాలనే కోరిక కూడా దేవుడే పుట్టించాలంటే, తీర్పు రోజున ఎవరి క్రియల్ని బట్టి తీర్పు తీరుస్తాడు అని కొందరు. అసలు స్వేచ్ఛే లేదన్నమాట అని ఇంకొందరు. మఠాధిపతి వాలెంటినస్ తల పట్టుకున్నాడు. చివరికి ఇద్దరు కుర్ర సన్యాసులు నేరుగా హిప్పో వెళ్లి అగస్టీన్ తలుపు తట్టారు. ఇది 426–427 నాటి మాట.

అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి, ఒంట్లో బాగుండదు, చుట్టూ ఊపిరాడని పని. అయినా ఆ కుర్రాళ్లని పెలాజియస్ ఆత్మ అని తరమలేదు. ఈస్టర్ అయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుని పాత సభల తీర్మానాలూ ఉత్తరాలూ చదివి వినిపించాడు. కృప గురించీ స్వేచ్ఛా సంకల్పం గురించీ ఒక పుస్తకమే రాసిచ్చి పంపాడు. ఆ పుస్తకం మఠానికి చేరాక ఎవరో అన్నారట: "అయితే పెద్దలు ఏం చేయాలో మాకు చెప్పాలి, చేసే శక్తి కోసం మా తరఫున ప్రార్థన చేయాలి. మేం చేయకపోతే తిట్టకూడదు." నువ్వన్నది అదే కదా! అది విని ముసలాయన ఇంకో పుస్తకం రాశాడు, గద్దింపు గురించీ కృప గురించీ.

అందులో ఆయన జవాబు ఏంటంటే, గద్దింపు కూడా కృప పనిచేసే దారుల్లో ఒకటి. డాక్టరు బాగు చేయడా అని మందు మానేస్తామా అన్నట్టు కాదు ఆయన వాదన, ఇంకా సూటిగా ఉంటుంది: నువ్వు చెడ్డగా ఉంటున్నది నీ ఇష్టంతోనే. "నన్ను తిట్టొద్దు, నా కోసం ప్రార్థించు" అనేవాడికి తన వికారం తన కళ్లకి కనబడటం ఇష్టం లేదు. ఆ నొప్పి తగిలితేనే వాడు తనంతట తాను ప్రార్థనకి కూర్చుంటాడు.

తెనాలి_కుర్రాడు
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. థాంక్యూ అన్నా. కానీ సగమే ఎక్కింది. ఇద్దరికీ ఒకే గద్దింపు తగిలింది అనుకుందాం. ఒకడు మారాడు, రెండోవాడు కొన్నాళ్లు బాగానే ఉండి జారిపోయాడు. నిలబడే శక్తి మొదటివాడికి ఇచ్చి రెండోవాడికి ఎందుకివ్వలేదు?

పాతపుస్తకాలు
సరిగ్గా ఆ ప్రశ్న ఆ పుస్తకంలోనే ఉంది. అగస్టీన్ ఏమన్నాడో తెలుసా? నాకు తెలియదు అన్నాడు. దేవుని తీర్పులు లోతైనవి అన్న పౌలు మాట చెప్పి అక్కడే ఆగాడు.

వరంగల్_వాయిస్
డేవిడ్ గారూ, కేసు క్లోజ్ అన్నారు. ఎలా క్లోజ్ అయిందో కూడా చెప్పాలి కదా. వృత్తిరీత్యా కోర్టులో తిరిగేవాణ్ని, నాకు ఆ రికార్డే ముఖ్యం.

415 డిసెంబర్‌లో పాలస్తీనాలోని డియోస్పోలిస్‌లో, అంటే లుద్ద పట్టణంలో, 14 మంది బిషప్పులు కూర్చుని పెలాజియస్‌ని విచారించి నిర్దోషి అన్నారు. ఫిర్యాదు చేసిన ఇద్దరు బిషప్పులు ఆ రోజు రానే లేదు. అంతకు ముందు అదే ఏడాది జెరూసలేంలో విచారణ జరిగితే, ఆరోపణ చేసిన ఒరోసియస్‌కి గ్రీకు రాదు, అక్కడి బిషప్పుకి లాటిన్ రాదు, మధ్యలో దుబాసీ. అదీ తేలలేదు. ఆఫ్రికా వాళ్లు ఊరుకోక 416లో రెండు సభలు పెట్టి రోమ్‌కి రాశారు. 417 జనవరిలో పోప్ ఇన్నొసెంట్ ఆఫ్రికా వైపే తీర్పిచ్చి మార్చిలో చనిపోయాడు. తర్వాత వచ్చిన జోసిమస్ ఫైలు మళ్లీ తెరిచి, పెలాజియస్, అతని శిష్యుడు కెలెస్టియస్ ఇద్దరి విశ్వాస ప్రకటనల్లో తప్పేమీ లేదన్నాడు! ఆఫ్రికా బిషప్పుల్ని తొందరపడ్డారని మందలించాడు కూడా.

మరి ఎలా తిరగబడింది? 418 ఏప్రిల్ 30న రావెన్నాలో ఉన్న చక్రవర్తి హొనోరియస్ వీళ్లిద్దర్నీ రోమ్ నుంచి వెళ్లగొట్టమని ఆజ్ఞ జారీ చేశాడు. మర్నాడు మే 1న కార్తేజ్‌లో 200 మందికి పైగా బిషప్పుల సభ. ఆ తర్వాత జోసిమస్ కూడా మాట మార్చి ఖండన పత్రం పంపాడు. దాని మీద సంతకం పెట్టబోమని ఇటలీలో 18 మంది బిషప్పులు ఎదురుతిరిగి పదవులు పోగొట్టుకున్నారు. వాళ్లలో ఎక్లానం బిషప్ జూలియన్ ఒకడు. అగస్టీన్ మిత్రుడు అలీపియస్ దర్బారుకి 80 గుర్రాలు లంచంగా తోలుకెళ్లాడని జూలియన్ ఆరోపించాడు. అగస్టీన్ అది అబద్ధం అన్నాడు. నిజానిజాలు ఎలా ఉన్నా, రాజు ముద్ర పడ్డాక వచ్చిన తీర్పు ఇది.

డల్లాస్_డేవిడ్
రాజు ముద్ర వేసినంత మాత్రాన సిద్ధాంతం తప్పయిపోదు సార్. నైసీయా సభని పిలిచింది కూడా చక్రవర్తే. డియోస్పోలిస్‌లో పెలాజియస్ ఎలా బయటపడ్డాడు? కెలెస్టియస్ మాటల్ని చదివి వినిపిస్తే "అవి నావి కావు, అలా చెప్పేవాళ్లు శాపగ్రస్తులు" అన్నాడు. ఆదాము పాపం ఆదాముకే హాని చేసిందనీ, పుట్టిన పిల్లలు పాపం చేయకముందు ఆదాము ఎలా ఉన్నాడో అలాగే ఉంటారనీ అన్న మాటలు వాటిలో ఉన్నాయి. శిష్యుణ్ని వదిలేసి తను తప్పుకున్నాడు.

వరంగల్_వాయిస్
ఇది ఒప్పుకుంటాను. అక్కడ పెలాజియస్ ధైర్యంగా నిలబడలేదు. కెలెస్టియస్ నయం, 411లో కార్తేజ్‌లో నిలదీసినప్పుడు ఇది సంఘంలో ఇంకా తేలని విషయం, నా మాట దుర్బోధ ఎలా అవుతుంది అని ముఖం మీదే అడిగాడు.

అమృతవల్లి_నెల్లూరు
అందరూ సభలూ తేదీలూ చెప్తున్నారు. పెలాజియస్ ఎందుకలా బోధించాడో ఎవరైనా చెప్పండయ్యా. మాకు సంఘంలో అలాంటి మనుషులు రోజూ కనిపిస్తారు కాబట్టి అడుగుతున్నా. కట్నం గుంజినవాడు, పనిమనిషికి జీతం ఎగ్గొట్టినవాడు ఆదివారం ముందు వరసలో కూర్చుని "మనం బలహీనులం, ప్రభువు క్షమిస్తాడు" అని చేతులెత్తుతాడు. అలాంటివాళ్లకి పెలాజియస్ లాంటివాడు ఒకడు కావాలి అనిపిస్తుంది నాకు.

పాతపుస్తకాలు
అమ్మా, మీరు చెప్పిందే అసలు కారణం. పెలాజియస్ బ్రిటన్ నుంచి వచ్చినవాడు. గురువు పట్టా లేదు, ఒట్టి తపస్వి. నాలుగో శతాబ్దం చివర్లో రోమ్‌లో ఉన్నాడు. అప్పుడు పెద్దింటి వాళ్లంతా క్రైస్తవులయ్యారు, బతుకు మాత్రం పాతదే. అలాంటిచోట ఒకరోజు ఒక బిషప్ అగస్టీన్ ఆత్మకథ పదో భాగంలోని ప్రార్థన చదివి వినిపించాడు. నీ ఆజ్ఞకి తగిన శక్తి నువ్వే ఇవ్వు, తర్వాత ఏది కావాలంటే అది ఆజ్ఞాపించు అన్నది దాని భావం. పెలాజియస్ తట్టుకోలేక ఆ బిషప్‌తో దాదాపు పోట్లాటకి దిగాడు. ఈ సంగతి అగస్టీనే తర్వాత రాశాడు.

410లో గోత్ తెగవాళ్లు రోమ్‌ని దోచుకున్నారు. జనం పారిపోయారు. పెలాజియస్ కూడా సిసిలీ, కార్తేజ్ మీదుగా పాలస్తీనా చేరాడు. అనీసియస్ వంశం అంటే రోమ్‌లో మహా ధనికులు, ఆ ఇంటి ఆడవాళ్లు కార్తేజ్ వచ్చి పడ్డారు. వాళ్ల చిన్నపిల్ల డిమెట్రియాస్ పెళ్లి ఏర్పాట్ల మధ్యలోనే పెళ్లొద్దు, కన్యగా ఉండిపోతానంది. ఆ పిల్లకి ఉపదేశం రాయమని ఇంటివాళ్లు పెద్దపెద్దవాళ్లని అడిగారు. బైబిల్ పండితుడు జెరోమ్ రాశాడు, పెలాజియస్ రాశాడు.

పెలాజియస్ ఉత్తరం ఇప్పటికీ ఉంది. అందులో ముందు తిట్టు ఉండదు, నీకు దేవుడు ఎంత ఇచ్చాడో చూసుకో అనే ధైర్యం ఉంటుంది. ఆ తర్వాత గట్టిగా ఒక మాట అంటాడు. కష్టం, మా వల్ల కాదు, మేం మనుషులం, ఒళ్లు బలహీనం అని గొణుగుతాం, అంటే మనల్ని చేసినవాడికి మన బలం ఎంతో తెలియదు అన్నట్టేగా! తను చేసినదాని శక్తి తెలియకుండా ఆజ్ఞలిచ్చి, చేయలేనందుకు శిక్షిస్తాడని దేవుడి మీదే నేరం మోపుతున్నాం. సారాంశం ఇది.

కృప అక్కర్లేదు అని ఆయన ఎక్కడా అనలేదు. చేయగల శక్తి దేవుడిచ్చిందే, ధర్మశాస్త్రం ఆయనిచ్చిందే, క్రీస్తు చూపిన మాదిరి ఆయనిచ్చిందే, పాపక్షమాపణ ఆయనిచ్చిందే. ఇవన్నీ కృపే అన్నాడు. ఆ శక్తిని వాడుకోవాలనుకోవడం, వాడుకోవడం మాత్రం మన పని అన్నాడు. అగస్టీన్ ఇక్కడ పట్టుకున్నాడు: అనుకోవడమే చేతకాక కదా మనిషి ఏడుస్తున్నది!

మూడో_బెంచీ
బెత్లెహేములో ఉన్న జెరోమ్ ఈయన్ని స్కాట్ల గంజి తాగి ఒళ్లు బరువెక్కినవాడు అని తిట్టాడని చదివా. మహా పండితులు కూడా వాదనలో తిండి దాకా వెళ్లిపోతారు. గంజి తాగే కుటుంబం మాది, నేను దీన్ని వ్యక్తిగతంగా తీసుకుంటున్నా.

రాత్రి_డ్యూటీ
అమృతవల్లి గారూ, మీ కోపం న్యాయమే. కానీ నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

నేను తాగుడులో పదేళ్లు పోగొట్టుకున్నవాణ్ని. "నీ చేతుల్లోనే ఉందిరా, తలుచుకో" అని నాన్న చెప్పారు, పాస్టర్ గారు చెప్పారు, మా ఆవిడ ఏడ్చి చెప్పింది. తలుచుకోలేదని ఎవరన్నారు? ప్రతి రాత్రీ తలుచుకునేవాణ్ని. పొద్దున సీసా పారబోసి సాయంత్రం అదే షాపు దగ్గర నిలబడేవాణ్ని. నిలబడ్డ కాళ్లు నావే, డబ్బులు తీసే చెయ్యి నాదే, వద్దు అని లోపల అరిచేది కూడా నేనే. నాలో ఇద్దరున్నారని నాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. ఎవరో ఇచ్చిన అగస్టీన్ ఆత్మకథలో ఎనిమిదో భాగం చదివితే చెమటలు పట్టాయి. మనసు చేతిని కదలమంటే కదులుతుంది, మనసు తనకి తానే ఆజ్ఞాపించుకుంటే మాత్రం వినదు అంటాడాయన. మిలాన్‌లో తోటలో కూర్చుని జుట్టు పీక్కుంటాడు, నుదురు కొట్టుకుంటాడు. పవిత్రత ఇవ్వు ప్రభువా, కానీ ఇప్పుడే కాదు అని కుర్రతనంలో ప్రార్థించానని ఒప్పుకుంటాడు.

నువ్వు చేయగలవు అన్న ప్రతి మాటా నాకు ఇంకో రాయి అయ్యింది. నీ వల్ల కాదు, ఆయన చేస్తాడు అన్న మాటకే మొదటిసారి ఊపిరి ఆడింది. కాబట్టి నాకు పెలాజియస్ ఒద్దు.

అమృతవల్లి_నెల్లూరు
బాబూ, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా. దేవుడు మిమ్మల్ని నిలబెట్టుగాక. కానీ చూడండి, మీకు మందైన మాటే మా ముందు వరస వాళ్లకి నిద్రమాత్ర. ఎవరికి ఏది చెప్పాలో తెలిసిన బోధకుడు కావాలి.

కొత్తగూడెం_నర్స్
అందరూ పెద్దవాళ్ల సంగతే మాట్లాడుతున్నారు. నేను ప్రసూతి వార్డులో చేస్తాను. పుట్టి గంటలు కూడా బతకని పిల్లల్ని చూస్తాం. ఒకసారి ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని "సిస్టర్, బాప్తిస్మం ఇవ్వలేదు, నా బిడ్డ ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. వాళ్ల ఊళ్లో ఒక పెద్దమనిషి ఆదాము పాపం వల్ల నరకమే అని ముఖం మీద చెప్పాడట. ఈ మాట అగస్టీన్ దగ్గర్నుంచే వచ్చిందని విన్నాను. నిజమేనా?

పాతపుస్తకాలు
చెల్లెమ్మా, నిజమే. దాచకూడదు. బాప్తిస్మం లేకుండా పోయిన పసిబిడ్డలకి కూడా శిక్షే, కాకపోతే అన్నింటికన్నా తేలికైన శిక్ష అని రాశాడు అగస్టీన్. ఆయన లెక్క ఇలా నడుస్తుంది. సంఘం పసిపిల్లలకి బాప్తిస్మం ఇస్తోంది. బాప్తిస్మం పాపక్షమాపణకే. పిల్లలు సొంతంగా ఏ పాపమూ చేయలేదు. అంటే వాళ్లకి అంటింది ఆదాముదే అయ్యుండాలి. అంతకు 150 ఏళ్లకి పైగా ముందే కార్తేజ్ బిషప్ సిప్రియన్ కూడా, బిడ్డకి బాప్తిస్మం ఇవ్వడానికి ఎనిమిదో రోజు దాకా ఆగక్కర్లేదు, క్షమించేది వాడి సొంత పాపాల్ని కాదు కదా అని రాసి ఉన్నాడు.

పాలు తాగే పసివాడు తన తోటి పసివాడు అదే రొమ్ము దగ్గర పాలు తాగుతుంటే ముఖం పాలిపోయి గుర్రుగా చూడటం నేను కళ్లారా చూశాను అంటాడు అగస్టీన్ తన కథ మొదటి భాగంలో. పసితనంలో కూడా అసూయ ఉందని ఆయనకి అది సాక్ష్యం.

దీని మీద గట్టిగా నిలబడ్డవాడు ఆ జూలియన్. సొంత కొడుకుని మనకోసం ఇచ్చిన దేవుడు పుట్టీపుట్టని పిల్లల్ని హింసించేవాడెలా అవుతాడు అని అడిగాడు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులియవు అన్న యెహెజ్కేలు 18ని ఎత్తి చూపాడు. కరువు వచ్చినప్పుడు ఆస్తి అమ్మి పేదలకి పంచిన మనిషి. పదవి పోయి, దేశం విడిచి కూడా మాట మార్చలేదు. అతనికి జవాబు రాస్తూ రాస్తూనే, బయట వాండల్ తెగ సైన్యం హిప్పోని ముట్టడించి ఉండగా, 430 ఆగస్టు 28న అగస్టీన్ కన్నుమూశాడు. ఆ పుస్తకం అసంపూర్ణంగానే మిగిలిపోయింది.

అగస్టీన్ అంటే నాకు ప్రాణం. కానీ ఈ ఒక్కచోట నేను జూలియన్ వైపే.

ఫిరంగిపురం_బాబు
నర్సు గారూ, ఆ తల్లికి మా కతోలిక సంఘం తరఫున ఒక మాట చెప్పండి. జన్మపాపం ఉందని మేం నమ్ముతాం, పిల్లలకి జ్ఞానస్నానం ఆలస్యం చేయం. కానీ అలా చనిపోయిన బిడ్డల్ని శ్రీసభ దేవుని దయకే అప్పగిస్తుంది, సత్యోపదేశంలో అలాగే ఉంది. 2007లో రోమ్‌లోని అంతర్జాతీయ వేదాంత సంఘం దీని మీద ఒక పత్రమే విడుదల చేసింది, రక్షణ ఉంటుందని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని. నరకమే అని తల్లి ముఖం మీద చెప్పడానికి ఆ పెద్దమనిషి ఎవరు?

కొత్తగూడెం_నర్స్
ఆవిడ ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. మళ్లీ ఎవరైనా అడిగితే చెప్తాను. థాంక్స్ బాబు గారూ.

అమృతవల్లి_నెల్లూరు
మా బాప్టిస్టుల్లో పసిపిల్లలకి ఇవ్వనే ఇవ్వం. సొంత నోటితో ఒప్పుకున్నాకే నీళ్లలోకి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగిన కథ మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లల్ని ప్రతిష్ఠ చేసి దేవుడికి అప్పగిస్తాం, అంతే. ఈ ప్రశ్న మా అమ్మానాన్నల్ని ఎప్పుడూ భయపెట్టలేదు.

డల్లాస్_డేవిడ్
పసిపిల్లల విషయంలో నేను కూడా దేవుని దయనే నమ్ముతాను, అందులో మీతో తేడా లేదు. కానీ అందరూ కలిసి అగస్టీన్‌ని విలన్ చేయకండి. ఆయన కుర్రవాడిగా తొమ్మిదేళ్లు మానీ మతస్థుల మధ్య ఉన్నాడు. చెడు చేసేది నేను కాదు, నాలో ఉన్న చీకటి పదార్థం అని చెప్పే మతం అది. దాన్ని వదిలాక స్వేచ్ఛా సంకల్పం గురించి పుస్తకం రాసి, పాపం నీ ఇష్టంతో చేసిందే అని నిరూపించాడు. పెలాజియస్ అదే పుస్తకాన్ని తన వాదనకి సాక్ష్యంగా చూపించుకున్నాడు! ఆయన స్వేచ్ఛని కొట్టేసినవాడు కాదు. 396లో మిలాన్ పాదిరి సింప్లిసియానస్ అడిగిన ప్రశ్నలకి జవాబు రాస్తూ యాకోబు, ఏశావుల దగ్గరకొచ్చాక ఒప్పుకోక తప్పలేదు. మనిషి ఇష్టం వైపు ఎంతో పోరాడాను, చివరికి కృపే గెలిచింది అని ముసలితనంలో రాసుకున్నాడు. మీ దగ్గర ఉన్నదాంట్లో ఇంకొకరు ఇవ్వనిది ఏముంది అన్న పౌలు ప్రశ్న ఆయన్ని కదిలించింది.

శ్రీవైష్ణవ_దాసుడు
బయటివాణ్ని, మన్నించాలి. రోజూ ఈ వేదిక చదువుతాను. ఇదే గొడవ మా ఇంట్లోనూ ఉంది. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా కరచుకోవాలి, పట్టు వదిలితే పడుతుంది. పిల్లికూనకి ఆ బాధ లేదు, తల్లే నోట కరచుకుని తీసుకెళ్తుంది. మర్కట న్యాయం మాలో వడగలై శాఖ వారిది, మార్జాల న్యాయం తెంగలై శాఖ వారిది. మీ పెలాజియస్ కోతిపిల్ల, అగస్టీన్ పిల్లికూన అనుకోవచ్చా?

పాతపుస్తకాలు
స్వామీ, అగస్టీన్ వరకు బాగా కుదిరింది. పెలాజియస్‌కి మాత్రం కుదరదు. కోతిపిల్లని మోస్తున్నది తల్లే కదా. ఆయన దగ్గర పిల్ల తన కాళ్ల మీద నడుస్తుంది, తల్లి దారి చూపిస్తుంది. మీ కోతిపిల్లకి దగ్గరగా ఉన్నవాడు వేరే ఒకడున్నాడు, జాన్ కేసియన్.

ఈజిప్టు ఎడారి సన్యాసుల దగ్గర చాలాకాలం ఉండి వచ్చి దక్షిణ ఫ్రాన్స్‌లో మర్సెయ్‌లో మఠాలు పెట్టాడు. పెలాజియస్ తప్పని ఆయనా అన్నాడు. కానీ అగస్టీన్ చివరి పుస్తకాలు చదివాక అక్కడి సన్యాసులకి భయం వేసింది: ఎవరు నిలబడతారో ముందే నిర్ణయమైపోతే పొద్దున్నే లేచి ఉపవాసం ఎందుకు? కేసియన్ తన సంభాషణల్లో పదమూడోది ఈ విషయం మీదే రాశాడు, ఖేరెమోన్ అనే ఎడారి పెద్దాయన నోట పెట్టి. మంచి ఇష్టం మొదట మన దగ్గర పుడుతుందా, దేవుడి దగ్గర్నుంచి వస్తుందా? జక్కయ్యని చూడు, తనే చెట్టెక్కాడు. సిలువ మీద దొంగ తనే అడిగాడు. మరి పౌలు? హింసించడానికి పోతుంటే దారిలో పట్టుకున్నాడు. మత్తయి? సుంకం మెట్టు దగ్గర కూర్చున్నవాణ్ని పిలిచాడు. ఒక్క సూత్రంలో అందర్నీ బంధించొద్దు అంటాడు. రవ్వంత మంచి కోరిక కనబడినా దేవుడు దాన్ని పెంచుతాడు, ఒక్కోసారి ఆ రవ్వనీ తనే రాజేస్తాడు.

రాత్రి_డ్యూటీ
ఇది నచ్చింది. నా సంగతి పౌలు లెక్క. మా వార్డులో నాతో పాటు మానేసిన పెద్దాయనది జక్కయ్య లెక్క, తనే వచ్చి చేరాడు.

డల్లాస్_డేవిడ్
కేసియన్ దగ్గర చిక్కు అదే. "తనే వచ్చి చేరాడు" అన్నచోట, ఆ రావాలనే కోరిక ఎవరిచ్చారు? 529 జూలైలో ఆరెంజ్ పట్టణంలో ఆర్ల్ బిషప్ సీజేరియస్ అధ్యక్షతన జరిగిన సభ దీన్ని తేల్చింది. విశ్వాసానికి మొదటి మెట్టు కూడా కృపదే.

వరంగల్_వాయిస్
మొత్తం చదవండి డేవిడ్ గారూ. అదే సభ చివర్లో, దేవుడు కొందర్ని చెడుకి ముందుగానే నిర్ణయించాడని ఎవరైనా అంటే వాళ్లు శాపగ్రస్తులని కూడా రాసింది. బాప్తిస్మంలో కృప పొందినవాళ్లు క్రీస్తు సహాయంతో కష్టపడి నిలబడగలరు, నిలబడాలి అని కూడా ఉంది. అగస్టీన్ సగం గెలిచాడు. 14 మంది బిషప్పులు ఒక గుడి ప్రతిష్ఠకి వచ్చి సంతకాలు పెట్టిన కాగితం అది. 531లో పోప్ బోనిఫేస్ ఒప్పుకున్నాడు. తర్వాత వందల ఏళ్లు దాన్ని దాదాపు అందరూ మరిచిపోయారు.

డల్లాస్_డేవిడ్
ఆ చివరి మాట నాకు తెలుసు, ఒప్పుకుంటాను కూడా. దేవుడు చెడు చేయించడు. రక్షించేవాళ్లని ఎన్నుకుంటాడు, మిగతావాళ్లని వాళ్ల దారికి వదిలేస్తాడు.

అమృతవల్లి_నెల్లూరు
వదిలేయడం మాత్రం తక్కువా? మునిగిపోతున్నవాణ్ని వదిలేస్తే మన ఊళ్లో ఏమంటారు?

ఫిరంగిపురం_బాబు
తూర్పు సంఘాల మాట ఎవరూ ఎత్తలేదు. గ్రీకువాళ్లకి ఈ గొడవ ఇంత తీవ్రంగా ఎప్పుడూ తగల్లేదు. పిల్లలకి పాపాలు లేకపోయినా బాప్తిస్మం ఇస్తాం అని జాన్ క్రిసోస్టమ్ అన్నాడు. ఆ మాటని జూలియన్ అందుకుంటే, క్రిసోస్టమ్ అన్నది సొంత పాపాల గురించి అని అగస్టీన్ సర్దిచెప్పాల్సి వచ్చింది. అంతకు ముందు ఒరిజెన్, దేవుడు ఫరో గుండె కఠినం చేశాడన్న చోట, అదే ఎండకి మైనం కరుగుతుంది, మట్టి గట్టిపడుతుంది అన్నాడు. రెండో శతాబ్దంలో జస్టిన్ అయితే అంతా విధే అంటే మెచ్చుకోవడానికీ తప్పుపట్టడానికీ ఎవరుంటారు అని అడిగాడు. మొదటి మూడు వందల ఏళ్లు గట్టిగా వినిపించింది స్వేచ్ఛ వైపు మాటే. జాతకాలకీ గ్రహాలకీ భయపడే జనానికి ఆ మాట విడుదల.

మూడో_బెంచీ
తెనాలి తమ్ముడు ఎక్కడ? ప్రశ్న వేసి మాయమయ్యాడు.

తెనాలి_కుర్రాడు
ఇక్కడే ఉన్నా, నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. ఒక సందేహం. మాది లూథరన్ సంఘం, 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ హయ్యర్ గారి కాలం నుంచి. లూథర్ కూడా అగస్టీన్ పేరున్న సన్యాసుల మఠం వాడే అని చదివా. అయితే మేం ఈ గొడవలో పూర్తిగా అగస్టీన్ పక్షమేనా?

పాతపుస్తకాలు
లూథర్ అయితే అవును, ఇంకో అడుగు ముందుకే వేశాడు. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు స్వేచ్ఛా సంకల్పాన్ని సమర్థిస్తూ రాస్తే, 1525లో లూథర్ మన సంకల్పం బందీ అని పుస్తకమంతా బదులు రాశాడు. కానీ మీ లూథరన్ల విశ్వాస పత్రాలు నాశనానికి ముందస్తు నిర్ణయం ఉందన్న మాట ఒప్పుకోవు. రక్షణ వస్తే అంతా దేవునిదే, పోతే తప్పంతా మనిషిదే అంటాయి. ఆ రెండు మాటల్నీ కలిపే తర్కం ఇవ్వవు. మీ ప్రసంగీకులు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చెప్పడానికి మూలం అదే కావచ్చు. నిన్ను నవ్వులపాలు చేయడానికి మాత్రం ఏ విశ్వాస పత్రంలోనూ మూలం లేదు.

తెనాలి_కుర్రాడు
నాలాంటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో ఏమైనా ఉన్నాయా?

ఫిరంగిపురం_బాబు
మీ దగ్గర్లో విచారణ గుడి ఉంటే లైబ్రరీలో అడుగు. మా ఫాదర్ గారైతే ఎవరు అడిగినా పుస్తకాలిస్తారు, ఏ సంఘం అని అడగరు.

పాతపుస్తకాలు
ఇంగ్లీషులో చదవగలిగితే ముందు పెలాజియస్ డిమెట్రియాస్‌కి రాసిన ఉత్తరం చదువు. తిట్టినవాళ్ల నోట కాకుండా ఆయన నోటే విను. ఆ తర్వాత అగస్టీన్ హద్రుమేటం సన్యాసులకి రాసిన రెండూ. చివర కేసియన్ పదమూడో సంభాషణ. ఈ గొడవ మీద జూలియన్ రాసిన పుస్తకాలు విడిగా మిగల్లేదు. అగస్టీన్ ఖండిస్తూ ముక్క ముక్క ఎత్తి రాయబట్టే అతని మాటలు మనకి దక్కాయి.

రాత్రి_డ్యూటీ
ఆ లిస్టులో అగస్టీన్ ఆత్మకథ ఎనిమిదో భాగం కూడా చేర్చండి అన్నా. దాన్ని చదవకుండా మిగతావి చదివితే ఈయన ఎందుకింత మొండిగా కృప కృప అంటున్నాడో అర్థం కాదు.

అమృతవల్లి_నెల్లూరు
డిమెట్రియాస్ ఉత్తరం ఎవరి దగ్గరైనా ఉంటే లింకు పెట్టండి. మా స్త్రీల సమాజంలో వచ్చే నెల చదివిస్తాను, ముందు వరసల వాళ్లతో సహా.

డల్లాస్_డేవిడ్
లింకు నేను పెడతా అమ్మా. దాంతోపాటు అదే పిల్ల తల్లి జూలియానాకి అగస్టీన్ రాసిన ఉత్తరం కూడా పెడతా. పెలాజియస్ ఉత్తరంలో ఏది ప్రమాదమో ఆవిడకి వివరంగా చెప్తాడు. రెండూ ఒకే రోజు చదివించండి.